రెండు గజాల నీడ

మార్కాపురంలో నీడ కొనుక్కోవాలి.
నాకు ఉత్తినే దొరికింది,
మా గోడకీ పళ్ల డాక్టరు గోడకీ నడుమ
రెండు గజాల సందు.
ఏ కార్తెలోనూ సూర్యుడు అందులోకి తల దూర్చడు,
రోహిణిలో ఒక్క గంట తప్ప.
ఆ గంటకి నేను గోనెపట్టా కడతాను.

ముప్పై ఏళ్లు పలకలకి చట్రాలు బిగించాను.
ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఇవ్వాల్సిన కూలికి బదులు
రెండు బండ్ల పలక ముక్కలు తోలాడు షావుకారు.
ఎవరూ అక్షరం దిద్దని ముక్కలు.
వాటిని నిలువుగా పాతి, సందుల్లో
కుళ్లిన ఆకు, బొగ్గు నలుసులు, కాస్త ఇసుక కూరి
మొదటి మొక్క పెట్టాను. హంసపాది.
నల్లటి వెంట్రుక లాంటి కాడ,
గాలి వస్తుందేమో అనుకున్నా వణికే ఆకు.

"ఏందత్తా ఇది?
పూసేది లేదు, కాసేది లేదు,
కూరకి రాదు, మేకన్నా ముట్టదు"
అంది ఆదెమ్మ, గోడ మీంచి తొంగి చూసి.
అవునమ్మా అన్నాను.
అవును మరి.

నీళ్ల సంగతి చెప్పాలి.
ట్యాంకరు నాలుగు రోజులకోసారి.
బోరు నీళ్లు పోస్తే ఆకుల మీద తెల్లటి పొడలు,
మా వీధి పిల్లల పళ్ల మీద ఉన్నట్టే.
పళ్ల డాక్టరు ఊరికే పెట్టలేదు ఇక్కడ దుకాణం.
ఆయన ఏసీ కార్చే నీళ్లు
ఇస్రాయేలు రోజూ సాయంత్రం క్యానులో పట్టి ఇస్తాడు.
వాన నీళ్లంత మెత్తన.
లోపల ఎవరికో పన్ను పీకుతుంటారు,
ఇక్కడ నా మొక్కకి దాహం తీరుతుంటుంది.

ఒకరోజు కోడలు గౌసియా
ఆకుల వెనక గోధుమరంగు చుక్కలు చూసి
పురుగనుకుని హడలిపోయి
పాత చీరముక్కతో ఒక్కో ఆకూ తుడిచింది.
రెండు గంటలు, గొంతుక్కూచుని, చంటిబిడ్డ ఒళ్లు తుడిచినంత శ్రద్ధగా.
అవి దాని విత్తనాలే తల్లీ
అనబోయాను.
లేచి టీ పెట్టి ఇచ్చాను.

నెమలిశిఖ మాత్రం నాకు
దోర్నాల ఘాట్లో బస్సు పంచరైనప్పుడు దొరికింది.
బండ నెర్రెలో బొటనవేలంత నెమలి, పురి విప్పుకుని.
జడపిన్నుతో పెళ్లగించాను.
కండక్టరు అరుస్తూనే ఉన్నాడు.
టిఫిను గిన్నెలో, మిగిలిన సద్ది మెతుకుల పక్కన
నాతో ఊరికి వచ్చింది.

ఆ వేసవిలోనే గర్భసంచి తీశారు నాకు.
ఒంగోలులో ఇరవై రోజులు.
గౌసియా కానుపుకి పుట్టింట్లో.
ఇస్రాయేలు పెళ్లి సెలవులో.
గోనెపట్టా మొదటి గాడ్పుకే ఎగిరిపోయిందట.

వచ్చేసరికి హంసపాది టీపొడి.
నెమలిశిఖ పిడికిలి.
ఎండిన, గోధుమరంగు పిడికిలి,
చిల్లర ఏదో దాచుకున్నట్టు.
వంగకూడదన్నారు నన్ను.
కుర్చీ వేయించుకుని, గ్లాసుతో,
కొంచెం కొంచెం పోశాను.
ఒంగోలు డాక్టరమ్మ నాకు చెప్పినట్టే:
గుక్కగుక్కగా తాగు, తొందరేం లేదు.

మూడో రోజు ఒక వేలు తెరిచింది.
ఐదో రోజుకి చెయ్యి.
లోపల ఏమీ లేదు.
ఉత్త పచ్చ.

హంసపాదిని మరిచేపోయాను.
ఆరుద్ర వెళ్లాక ఒక పొద్దున, డాక్టరు గోడకి,
ఏసీ పైపు కారే చోట, సిమెంటు బీటలో
నల్ల వెంట్రుక మీద గోరంత ఆకు.
గౌసియా ఆ రోజు చీరముక్క దులిపింది
ఆ గోడ కేసే.
ఇస్రాయేలు లేని ఇరవై రోజులూ
క్యానుకి పోవాల్సిన నీళ్లు గోడ తాగింది.

వచ్చే వారం క్లినిక్కుకి రంగులు వేస్తారట.
"ఆ జానెడు చోటు వదిలెయ్యమని చెప్పరా."
"ఏం చెట్టని చెప్పమంటావత్తా?"
ఏమని చెప్పను?

పాతిన పలకల్లోంచి ఒకటి లాగి
మట్టి కడిగి, బలపంతో రాసి
పైపుకి వేలాడదీశాను:
ఇక్కడ రంగు వేయొదు.

దకి వత్తు మరిచిపోయానంది గౌసియా,
చంకలో బిడ్డతో.
బలపం అయిపోయింది.
పెయింటరుకి చదువొచ్చో లేదో.